తుర్రు వెళ్ళిన దారి, తిరిగొచ్చిన దారి

అనగనగా ఒక అడవి. ఆ అడవికి నిద్రమత్తు కాస్త ఎక్కువ. పక్కన కొండలున్నాయి కదా, తెల్లారేసరికి వాటి మీంచి మంచు జారి వచ్చి చెట్లన్నిటికీ దుప్పటి కప్పేది. సూర్యుడు వచ్చి ఎంత లేపినా బారెడు పొద్దెక్కేదాకా ఆ దుప్పటి తొలిగేది కాదు. ఆకుల మీంచి నీటిచుక్కలు టప్పు టప్పుమని రాలుతుంటే, అడవి నిద్రలో ఏదో గొణుక్కుంటున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లో మనుషులకీ జంతువులకీ మాటలు కలిసేవి. ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థమయ్యేది. అర్థమైనా వినకపోవడం మాత్రం అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది.

అడవి అంచున పాడుపడిన సున్నపు బట్టీ ఒకటుంది. సున్నం కాల్చే మనుషులు ఎప్పుడో వెళ్ళిపోయారు. గోడలకి నాచు పట్టింది. పైన తీగలు అల్లుకున్నాయి. అందులో ముగ్గురు కాపురం ఉండేవాళ్ళు.

ఒకటి వరాలమ్మ అనే ముసలి గాడిద. బతుకంతా చాకిరేవుకి మూటలు మోసింది. మోయలేని రోజు రాగానే యజమాని తీసుకొచ్చి అడవిలో వదిలేశాడు.

రెండోది తెల్లాయి అనే కొంగ. ఒక గాలివానలో దాని గుంపు దాన్ని మరిచిపోయి ఎగిరిపోయింది.

మూడోది ముళ్ళయ్య అనే ముళ్లపంది. ఒంటి మీది ముళ్ళ కంటే నాలుక మీది ముళ్ళు ఎక్కువని పేరు. అందుకే దాని దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ముగ్గురూ ఎవరో వదిలేస్తే మిగిలినవాళ్ళే. అందుకే ఒక మాట అనుకున్నారు. "దిక్కులేకుండా వచ్చిన వాళ్ళని చేరదీద్దాం. తిండి పెడదాం. మంచి ఇల్లు చూసి అప్పగిద్దాం." అలా మొదలైంది వాళ్ళ జట్టు. అందరూ దాన్ని దరి జట్టు అనేవారు. ఎన్నో పిల్లుల్ని, మేకపిల్లల్ని, కాలు విరిగిన ఒక గుర్రాన్ని కూడా వాళ్ళు దరి చేర్చారు.

ఒక ఎండాకాలం పొద్దున బూరుగు కాయలు పగిలి దూది గాల్లో తేలుతోంది. అడవంతా తెల్లగా, మెత్తగా, కలలా ఉంది. ఆ దూదిలోంచి ఒక కుక్కపిల్ల నడుచుకుంటూ వచ్చింది. ఒళ్ళంతా ఇటుక రంగు. ముక్కు మీద ఒక దూదిపింజ. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అంది వరాలమ్మ.

"తెలీదు అవ్వా," అంది కుక్కపిల్ల. "నన్ను గోనెసంచిలో తెచ్చి వదిలేశారు."

వరాలమ్మ దాన్ని లోపలికి పిలిచింది. తిండి పెట్టింది. తన పొట్ట పక్కన పడుకోబెట్టుకుంది. తెల్లారి చూస్తే పిల్ల లేదు! తెల్లాయి ఎగిరి ఎగిరి వెతికితే, ఏటి ఒడ్డున ఇసుకలో కూర్చుని నీళ్ళ వంక చూస్తూ కనిపించింది. తీసుకొచ్చారు. మూడోనాడు మళ్ళీ లేదు. ఆరోనాడు మళ్ళీ లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే తుర్రుమనేది. అందుకే దానికి తుర్రు అని పేరు పెట్టారు.

తీసుకొచ్చిన ప్రతిసారీ ముగ్గురూ కలిసి తిట్టేవాళ్ళు. "బుద్ధుందా నీకు? కొండ మీద చిరుత ఉందని తెలీదా? ఇంకోసారి కదిలావంటే చూడు!" తుర్రు చెవులు వాల్చుకుని మూలకి పోయేది.

వానలు పడ్డాక తుర్రుకి ఇల్లు చూడాలనుకున్నారు. అప్పుడు తెల్లాయి మెల్లగా అంది, "వరాలవ్వా, ఇది పారిపోతుందని చెప్పామనుకో, ఎవరు తీసుకుంటారు? ఆ ఒక్క మాట మింగేద్దాం. మంచి ఇంట్లో పడితే అదే మారిపోతుంది."

"దాచిన ముల్లు దాచిన చోటే గుచ్చుకుంటుంది," అంది ముళ్ళయ్య. "ఉన్నదున్నట్టు చెప్పండి."

వరాలమ్మ తుర్రు వంక చూసింది. దానికి ఇల్లు రావాలని ఎంత కోరికో! ఆ కోరిక నిజం కంటే బరువుగా అనిపించింది. "ఈసారికి చెప్పొద్దులే," అంది.

పిల్లలూ, మీరైతే ఏం చేసేవారు? ఆలోచిస్తూ వినండి.

ఏటికి ఇవతల ఒక కుమ్మరి ఇల్లు ఉంది. సూరప్ప, పైడితల్లి అని భార్యాభర్తలు. వాళ్ళకి పిల్లలు లేరు. తెల్లాయి వెళ్ళి, "బంగారం లాంటి పిల్ల. గడప దాటదు," అని చెప్పింది. పైడితల్లి ఎంతో సంబరంగా వచ్చి తుర్రుని ఎత్తుకుని తీసుకెళ్ళింది.

మూడు రోజులు బాగానే గడిచాయి. పైడితల్లి సారె తిప్పుతుంటే తుర్రు పక్కనే కూర్చుని, అది గిర్రున తిరగడం చూస్తూ నిద్రపోయేది. నాలుగో రోజు కుండలు కాల్చే రోజు. సూరప్ప సంతకి వెళ్ళాడు. పైడితల్లి ఆవంలో కుండలు పేర్చి, పైన గడ్డి కప్పి, మంట పెట్టింది. మంట దగ్గర ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఎక్కువైతే కుండలు పగులుతాయి, తక్కువైతే పచ్చిగా మిగులుతాయి.

తలతిప్పి చూసేసరికి తుర్రు లేదు.

పైడితల్లి మంటని వదిలేసి, "తుర్రూ! తుర్రూ!" అంటూ పరిగెత్తింది. చేలలో వెతికింది. ఏటి గట్టంతా వెతికింది. కాళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నా ఆగలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆవం చల్లారిపోయి ఉంది. సగం కుండలు పగిలాయి. సగం పచ్చిగా ఉన్నాయి. రెండు నెలల కష్టం మట్టిపాలైంది.

మర్నాడు ఆమె సున్నపు బట్టీ దగ్గరికి వచ్చింది. అప్పటికే తెల్లాయి తుర్రుని వెతికి తెచ్చింది. పైడితల్లి దాన్ని చూసి ముందు ఏడ్చింది. బతికే ఉందని ఏడ్చింది. తర్వాత వరాలమ్మ వైపు తిరిగింది.

"దీనికి పారిపోయే అలవాటు ఉందని మీకు ముందే తెలుసా అవ్వా?"

వరాలమ్మ తల దించుకుంది. "తెలుసమ్మా."

"ఒక్క మాట చెబితే ఏం పోయేది? మంట పెట్టే రోజున నా కొంగుకి కట్టుకుని కూర్చునేదాన్ని కదా! కుండలు పోతే మళ్ళీ చేసుకుంటాం. రాత్రంతా అది ఏ పులి నోట్లో పడిందోనని నేను పడిన బాధ ఎవరికి చెప్పుకోను?"

"తప్పు నాది. నన్ను క్షమించు తల్లీ," అంది వరాలమ్మ. "దీన్ని మళ్ళీ తీసుకెళ్తావా?"

పైడితల్లి తుర్రు తల నిమిరింది. "లేదవ్వా. నాకు ధైర్యం చాలదు," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ పూటంతా బట్టీ మీద వాన పడుతూనే ఉంది. తర్వాత తుర్రుని మళ్ళీ తిట్టారు. ఈసారి ఇంకొంచెం గట్టిగా తిట్టారు. తమ తప్పు గుర్తొచ్చినప్పుడు పెద్దవాళ్ళు కూడా ఒక్కోసారి అలాగే చేస్తారు.

రెండోసారి ఇల్లు చూసినప్పుడు వరాలమ్మ అంది, "అబద్ధం చెప్పొద్దు. కానీ మొత్తం చెప్పి భయపెట్టొద్దు."

"సగం నిజం చెబుతారా?" అంది ముళ్ళయ్య. "సగం వంతెన మీద ఏరు దాటినట్టే ఉంటుంది."

ఎవరూ వినలేదు. జీడిమామిడి తోట కాసే సన్యాసినాయుడు దగ్గరికి వెళ్ళి తెల్లాయి, "కాస్త చలాకీ పిల్ల. అటూ ఇటూ తిరుగుతుంది," అని చెప్పింది.

సన్యాసినాయుడు నవ్వాడు. "తిరగనీ! నా గోడ దాటి చీమ కూడా పోలేదు."

నిజంగానే ఆ గోడ పెద్దది. పైన ముళ్ళకంప కూడా ఉంది. మొదటి వారంలోనే తుర్రు ఆ గోడని రెండుసార్లు ఎక్కబోయింది. దాంతో నాయుడు మెడకి గొలుసు వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. వేళకి తిండి పెట్టేవాడు. కానీ ఆ పిల్లతో ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు.

తుర్రు గొలుసు పొడవు ఎంతో అంత దూరం గుండ్రంగా తిరిగేది. తిరిగి తిరిగి అక్కడ నేల గుంట పడింది. పొద్దున్నే మంచు గోడ మీంచి లోపలికి దూకి, తుర్రుని ముట్టుకుని, మళ్ళీ గోడ దాటి వెళ్ళిపోయేది. తుర్రు దాని వంకే చూస్తూ ఉండేది.

వరికోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నాయుడు గొలుసు విప్పి గిన్నె కడుగుతున్నాడు. అంతే, తుర్రుమంది! గోడ అడుగున నీళ్ళు పోయే తూములోంచి దూరిపోయింది. చెవి అంచు రాయికి చీరుకుపోయింది. అయినా ఆగలేదు.

మంచు ఎంత దట్టంగా ఉందంటే, తుర్రుకి తన కాళ్ళు కూడా కనిపించలేదు. తెల్లటి దాంట్లో తేలుతున్నట్టు ఉంది. చెట్లు దగ్గరికి వచ్చి పలకరించి వెనక్కి పోతున్నాయి. ఎక్కడో నీళ్ళు పాడుతున్నాయి. ఎవరో పిలుస్తున్నారని అనిపించింది. నడిచి నడిచి కొండ ఎక్కింది.

"ఎవరు నన్ను పిలిచింది?" అని మంచుని అడిగింది.

"ఎవరూ పిలవలేదు," అంది మంచు.

అది మంచు కాదు. మంచులో బండ మీద పడుకున్న చిరుతపులి. దాని కళ్ళు రెండూ పండిన రేగుపళ్ళలా మెరుస్తున్నాయి.

"పిలవకపోయినా వచ్చావుగా," అంది చిరుత ఆవులిస్తూ. "వచ్చిన చుట్టాన్ని ఊరికే పంపించడం మా ఇంటా వంటా లేదు."

తుర్రు కాళ్ళు మొదటిసారి కదలనన్నాయి. చిరుత మెల్లగా లేచింది. ఒళ్ళు విరుచుకుంది. ఒక్క అడుగు వేసింది. రెండో అడుగు వేసింది.

అప్పుడు మంచులోంచి గలగలమని చప్పుడు వచ్చింది. ఎండిన వెదుళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నట్టు చప్పుడు. తోట మీదుగా కిందుగా ఎగురుతున్న తెల్లాయి, తుర్రు తూములోంచి బయటపడటం చూసి కొండ వైపు అరుస్తూ పోయింది. కొండ కింద దుంపలు తవ్వుకుంటున్న ముళ్ళయ్య ఆ అరుపు విని, పొట్టి కాళ్ళతో రొప్పుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే వీపు చిరుత వైపు తిప్పి, ముళ్ళన్నీ నిక్కబొడిచింది.

"చిరుత దొరా, నన్ను దాటి దాన్ని తీసుకో," అంది. "పోయిన ఏడు నీ తమ్ముడు నా జోలికి వచ్చి నెల రోజులు కుంటుకుంటూ తిరిగాడు. అడిగి కనుక్కో."

చిరుత ముళ్ళ వంక చూసింది. తన పంజా వంక చూసుకుంది. "పొద్దున్నే ఎవడికి కావాలి ఈ గొడవ," అని మంచులోకి వెళ్ళిపోయింది.

ముళ్ళయ్య, తుర్రు కొండ దిగారు. తిట్లు పడతాయని తుర్రు తల వంచుకుని ఉంది. కానీ ముళ్ళయ్య తిట్టలేదు. ఒక రాయి పక్కన కూర్చుని, "తుర్రూ, నువ్వెందుకు పారిపోతావు?" అని అడిగింది.

ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఎలా పారిపోయిందో అడిగారు. ఎటు పారిపోయిందో వెతికారు. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

"పారిపోను మామా," అంది తుర్రు. "చూడ్డానికి వెళ్తాను. మంచు తొలిగేటప్పుడు ఒక్కొక్కటీ బయటికొస్తుంది కదా, ముందు ఒక చెట్టు, తర్వాత ఒక కొండ, తర్వాత ఏరు... అవి చూస్తుంటే కాళ్ళు ఆగవు."

"సరే. చూశాక?"

"చూశాక ఇంటికి రావాలని ఉంటుంది. ఆకలేస్తుంది. భయమేస్తుంది."

"మరి రావేం?"

తుర్రు నేల వంక చూసింది. "మొదట్లో వచ్చేదాన్ని మామా. నేను పుట్టిన ఇంట్లో ఒకసారి కాలవ చూసి వచ్చాను. తోక ఊపుకుంటూ గుమ్మంలోకి వచ్చాను. ఆ ఇంటి అయ్య కర్ర తీసుకుని కొట్టాడు. రెండోసారి వచ్చాను. కొట్టి, తిండి పెట్టలేదు. మూడోసారి వచ్చాను. సంచిలో కట్టేశాడు."

తోక ముడుచుకుని అంది, "వెళ్ళినప్పుడు ఎవరూ కొట్టలేదు మామా. తిరిగొచ్చినప్పుడే కొట్టారు."

ముళ్ళయ్య ముళ్ళన్నీ మెల్లగా వాలిపోయాయి.

బట్టీకి వచ్చాక ముళ్ళయ్య ఆ మాట వరాలమ్మకీ తెల్లాయికీ చెప్పింది. వరాలమ్మ కళ్ళ నుంచి నీళ్ళు టపటపా రాలాయి. "మనం కర్ర పట్టలేదు కానీ చేసింది అదే," అంది. "తెచ్చిన ప్రతిసారీ తిట్టాం. దానికి తిరిగి రావడమంటే భయం నేర్పాం." తుర్రు దగ్గరికి వెళ్ళి చీరుకున్న చెవిని నాలుకతో తుడిచింది. "వచ్చావు కదా తల్లీ. అదే చాలు," అంది.

తుర్రుకి ఏం చెయ్యాలో తెలీలేదు. ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు మరి.

తుర్రుని మళ్ళీ నాయుడి గొలుసుకి పంపకూడదనుకున్నారు. మూడోసారి ఇల్లు చూసేముందు వరాలమ్మ గట్టిగా చెప్పింది. "ఈసారి మొత్తం చెబుదాం. తప్పులు ముందు, గుణాలు తర్వాత."

"చెబితే ఎవరూ తీసుకోకపోతే?" అంది తెల్లాయి.

"ఇక్కడే ఉంటుంది. మన ముగ్గురం నలుగురం అవుతాం."

నిజం చెప్పడం మొదలుపెట్టాక ఏమైందో తెలుసా? తెల్లాయి భయపడినట్టే అయింది. తాటాకు చాపలు నేసే ఆయన వచ్చి, విని, "అమ్మో, నావల్ల కాదు," అని వెళ్ళిపోయాడు. బెల్లం వండే వాళ్ళు సగం విని లేచారు. కొర్రచేను కాసే ముసలాయన, "మంచిపిల్లే, కానీ నా మోకాళ్ళు పరుగెత్తలేవు," అన్నాడు. తుర్రు గోడ పక్కన కూర్చుని అన్నీ వింటూ ఉండేది. రోజు రోజుకీ దాని తోక కిందికి దిగుతూ వచ్చింది.

ఒక రోజు పొద్దున మంచులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. వందల గొంతులు ఒకేసారి గుసగుసలాడుతున్నట్టు ఉంది. చూస్తే బాతులు! మూడు వందల బాతులు తెల్లటి మంచులో తెల్లటి వరసగా నడిచి వస్తున్నాయి. వాటి వెనక పొడవాటి వెదురు గెడ పట్టుకుని ఒకావిడ. పేరు రావులమ్మ. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజలు బాతులకి మేత. అందుకని ఆమె ఊరూరా, పొలం పొలం బాతుల్ని తోలుకుంటూ తిరిగేది. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ వల కట్టి బాతుల్ని మూసి, పక్కన గుడారం వేసుకునేది. పోయిన ఏడాది ఆమె ముసలి కుక్క చనిపోయింది. అప్పటి నుంచీ గుడారం బోసిగా ఉందట.

"ఇక్కడ కుక్కపిల్ల ఉందని విన్నాను," అంది.

ముళ్ళయ్య ముందుకొచ్చింది. "ఉంది. కానీ ముందు ఇది విను. అది పారిపోతుంది. మా దగ్గర్నుంచి పారిపోయింది. కుమ్మరింటి నుంచి పారిపోయింది, వాళ్ళకి ఎంతో నష్టం చేసింది. గోడ కట్టినా పారిపోయింది. చిరుత నోటి దాకా వెళ్ళొచ్చింది. ఇక మంచిదంటావా, ఎవరినీ కరవదు. ఇప్పుడు చెప్పు."

తెల్లాయి కళ్ళు మూసుకుంది. ఇంకేముంది, ఈవిడా వెళ్ళిపోతుంది అనుకుంది.

రావులమ్మ వెళ్ళలేదు. తన గెడని నేల మీద పెట్టి కూర్చుంది.

"ఏ వేళకి పోతుంది?"

"మంచు తొలిగే వేళకి," అంది తెల్లాయి.

"ఎటు పోతుంది?"

"ఎత్తు వైపు. దూరం కనపడే చోటుకి," అంది ముళ్ళయ్య.

"తిరిగొస్తే మీరేం చేసేవారు?"

వరాలమ్మ ముందుకొచ్చి అంది, "తిట్టేవాళ్ళం. దాని పాత యజమాని కొట్టేవాడు. అందుకే అది వెళ్తుంది కానీ తిరిగి రావడానికి భయపడుతుంది. మా తప్పు కూడా నీకు తెలియాలి."

రావులమ్మ తల ఊపింది. "నా బాతులు కూడా రోజుకి పదిసార్లు తప్పిపోతాయి అవ్వా. తప్పిపోవడం నాకు కొత్త కాదు. తీసుకెళ్తాను."

"కుదరకపోతే మళ్ళీ ఇక్కడికే తీసుకురా. రోడ్డు మీద వదలకు," అంది వరాలమ్మ. ఆమె అలాగేనని మాటిచ్చింది.

మొదటి రోజు నుంచే రావులమ్మ ఒక పొడవాటి తాడు తీసుకుని ఒక కొస తుర్రు నడుముకి, ఇంకో కొస తన నడుముకి కట్టింది. పొద్దున్నే మంచు తొలిగే వేళకి తనే లేచి, "పద, చూసొద్దాం," అనేది. ఇద్దరూ గట్టు ఎక్కి నిలబడేవాళ్ళు. ముందు తాటిచెట్టు తల బయటికొచ్చేది, తర్వాత పొలం, తర్వాత దూరంగా కొండ. తుర్రు చెవులు నిక్కించి చూసేది. దానికి చూడాలనిపించినంత సేపూ ఆమె కదిలేది కాదు. "అయిందా? పద, ఆకలేస్తోంది," అని ఇద్దరూ దిగేవాళ్ళు.

సాయంత్రాలు ఇంకో ఆట. తాడు వదులు చేసి, తుర్రుని దూరం పోనిచ్చి, "తుర్రూ, రా రా రా!" అని పిలిచేది. వస్తే ఒక ఎండుచేప ముక్క. ఎంత ఆలస్యంగా వచ్చినా ఎండుచేప ముక్కే. పిలిచి ఒక్కసారి కూడా కసురుకోలేదు.

ఒక ముసలి బాతు మాత్రం రోజూ సణిగేది. "ఉత్త దండగ. ఒకనాడు పోతుంది చూడు."

పోయింది కూడా. నెల తర్వాత ఒక పొద్దున ఒరిసి ఒరిసి అరిగిపోయిన తాడు పుటుక్కున తెగింది. ఎదురుగా మంచు చీలి కొండంతా ఒక్కసారి బంగారు రంగులో బయటపడింది. తుర్రు కాళ్ళు ఆగలేదు.

"నే చెప్పలా!" అంది ముసలి బాతు.

రావులమ్మ రెండడుగులు పరిగెత్తబోయి ఆగిపోయింది. వెంట పడితే దానికి భయమైనా పుడుతుంది, ఆటైనా అవుతుంది. గట్టు మీద కూర్చుని, "తుర్రూ, రా రా రా!" అని పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. ఆ పొలంలో గింజలు అయిపోయాయి. బాతులు ఆకలితో అరుస్తున్నాయి. అవతల పొలానికి తోలుకుపోవాలి. కానీ తాను వెళ్ళిపోతే, ఆ పిల్ల తిరిగొచ్చి ఖాళీ గట్టుని చూస్తుంది. అందుకని కదల్లేదు. కొండ మీద చిరుత గుర్తొచ్చినప్పుడల్లా ఆమె ఇంకోసారి పిలిచింది. అయినా గొంతులో కోపం రానివ్వలేదు.

అక్కడ తుర్రు కొండ సగం ఎక్కింది. అంతా చూసింది. ఏరు, చేలు, పొలాల మధ్య తెల్లని బాతులు, వాటి పక్కన చుక్కంత రావులమ్మ. అన్నీ చూశాక ఆకలేసింది. భయమేసింది. అప్పుడు గాల్లో సన్నగా వినిపించింది, "రా రా రా..."

తుర్రు వెనక్కి తిరిగింది. పరుగు పరుగున పొలం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

రావులమ్మ చేతిలో గెడ ఉంది. రోజూ చూసే గెడే, కానీ పారిపోయి తిరిగొచ్చిన ఈ పూట అది పాత అయ్య కర్రలా కనిపించింది.

తుర్రు చెవులు వెనక్కి వాల్చేసింది. పొట్ట నేలకి ఆనించి పడుకుంది. ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు.

రావులమ్మ దాన్ని చూసింది. దాని చూపు ఎక్కడుందో చూసింది. తన చేతి వంక చూసుకుంది. ఆ గెడ లేకపోతే బాతులు ఒకచోట నిలవవు. అయినా ఆమె గెడని దూరంగా, కాలవ అవతలకి విసిరేసింది. ఇంకేముంది! ఆకలితో ఉన్న మూడు వందల బాతులు నాలుగు దిక్కులకీ చెల్లాచెదురైపోయాయి. రావులమ్మ అటు చూడలేదు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది.

"వచ్చావా తల్లీ," అంది. "రా. చద్దన్నం ఎదురుచూస్తోంది."

తుర్రు పొట్ట మీద పాకింది. ఒక జానెడు. ఇంకో జానెడు. తర్వాత లేచి, పరిగెత్తి, ఆమె ఒళ్ళో పడిపోయింది. చీరంతా బురద. మొహమంతా నాలుకే. రావులమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీలేదు.

బాతుల్ని ఏరి తెచ్చేసరికి సాయంత్రమైంది. తుర్రు కూడా సాయం పట్టింది. నిజం చెప్పాలంటే, అది పోగుచేసిన వాటికంటే బెదరగొట్టినవే ఎక్కువ. ముసలి బాతు రెండు రోజులు మాట్లాడలేదు.

మర్నాడు అటుగా ఎగిరొచ్చిన తెల్లాయి ఇదంతా బాతుల నోట విని వెళ్ళి బట్టీలో చెప్పింది. ముళ్ళయ్య మొహం తిప్పుకుని, "కంట్లో నలక పడింది," అంది. వరాలమ్మ ఆ రోజే కుమ్మరింటికి నడిచి వెళ్ళింది. ఆ కబురు పైడితల్లికి తన నోటితోనే చెప్పాలని. పైడితల్లి అంతా విని, "ఒకనాడు వెళ్ళి చూసొస్తాను," అంది.

తుర్రు మారిపోయిందా అంటారా? లేదు పిల్లలూ. కొన్ని పొద్దులు ఆ మంచు తొలిగే వేళకి దానికి కాళ్ళు ఆగవు. కొత్త తాడు కట్టడం మరిచిపోయిన ఒక పొద్దున అది మళ్ళీ వెళ్ళింది. రావులమ్మ చద్దన్నం గిన్నె మీద ఆకు మూసి, కొండ వైపు తిరిగి కూర్చుంది. గొంతు సవరించుకుంది.

పిలవాల్సిన పని రాలేదు. ఎండ ఇంకా పొలంలోకి దిగకముందే, మంచులోంచి ఇటుక రంగు ముక్కు ఒకటి బయటికొచ్చింది.

నీతి: ఒక ప్రాణాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు దాని తప్పుల్ని దాచకూడదు, తప్పిపోయి తిరిగొచ్చిన వాళ్ళని ముందు అక్కున చేర్చుకోవాలి.